మైనస్ లారీ

3వ తేదీ, మంగళవారం

పంటు ఒరిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ముక్క ముందు రాసుకుంటే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు. లారీలను ఏరు దాటించే ఇనుప పంటు, మీద పదిహేడు లారీలు, ఏటి మధ్యకు వెళ్లాక ఎడమ పక్కకి జానెడు ఒరిగింది. గాజు సీసాల పెట్టెలు రెండు జారి పగిలాయి. పంటు నడిపే సరంగు కంగారు పడకుండా మెల్లిగా వెనక్కి తిప్పి గట్టుకు చేర్చాడు. దిగి వచ్చి అరగంట మెట్ల మీద కూర్చున్నాడట.

పంటు అడుగున ఎడమ పక్కనొక తొట్టి, కుడి పక్కనొక తొట్టి ఉంటాయి. లారీల బరువు ఒక పక్కకి మొగ్గితే రెండో పక్క తొట్లోకి నీళ్లు తోడి సరిచేస్తారు. ఎంత తోడాలో చెప్పేది నా ప్రోగ్రాము. లారీ కాటా మీద తూగుతుంది, ఏ వరసలో నిలబెట్టాలో మేస్త్రీ చెబుతాడు, కాటా గదిలో ఆ రెండూ కొడతారు, మిగతా లెక్క ప్రోగ్రాముది. పదకొండేళ్ల కిందట రాశాను. ఇన్నేళ్లలో ఒక్కసారి ఆగింది లేదు, ఒక్క లెక్క తప్పింది లేదు.

ఇది నా తప్పు కాదు. మేనకోడలి తప్పు. నిన్న సాయంత్రమే ఆమె నా ప్రోగ్రాములో చెయ్యి పెట్టింది.

4వ తేదీ, బుధవారం

మేనేజరు పిలిపించాడు. ఆయన గదిలో ఆరు కుర్చీలుంటే ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు. నాకు ఎప్పుడూ పొట్టిది వస్తుంది. కంప్యూటర్ల విభాగానికి పెద్ద కాబట్టి మేనకోడలికి ఎత్తైనది వచ్చింది. మా అక్క కూతురు. లెక్కల్లో సున్నాలు గుండ్రంగా రావడం లేదని చిన్నప్పుడు నా దగ్గర ఏడ్చిన పిల్ల.

"ఇరవై నాలుగున ఇన్‌స్పెక్టరు వస్తున్నారు పెద్దాయనా. ఆయన ముందు లారీలెక్కించి చూపించాలి. ఆ రోజు పంటు ఒక్క వేలు ఒరిగినా, ప్రోగ్రాము ఒక్కసారి ఆగినా, తీసేసి బయటి కంపెనీ వాళ్లది పెట్టుకుంటాం. ఇందులో నా చేతిలో ఏం లేదు."

"ఒరగడం సరే. ఆగడమేంటండీ? నాది ఎప్పుడాగింది?" అన్నాను.

మేనేజరు మేనకోడలి వైపు చూశాడు. మేనకోడలు కిటికీ వైపు చూసింది. కిటికీలో ఏముందో మరి.

వసారాలోకి వచ్చాక మేనకోడల్ని పట్టుకున్నాను.

"నా కోడ్‌లో ఏం చేశావు?"

"నీ ప్రోగ్రాము ప్రతి చిన్నదానికీ చచ్చి ఊరుకుంటుంది మావయ్యా. చావకుండా చుట్టూ ఒక వల కట్టాను. ఏ తేడా వచ్చినా వల పట్టుకుంటుంది, పని సాగిపోతుంది."

"పట్టుకుని ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు. వదిలేస్తుంది."

"నేను లారీలను ఏరు దాటించడానికి రాశానమ్మా, చేపలు పట్టడానికి కాదు."

"నీతో మాట్లాడలేం" అని వెళ్లిపోయింది.

కాస్త చల్లబడ్డాక రాస్తున్నాను. ప్రోగ్రాముల్లో అసర్షన్ అని ఒకటుంది, నా భాషలో అది ఒట్టు. 'ఇక్కడికి వచ్చేసరికి బరువు సున్నా కన్నా ఎక్కువే ఉంటుంది, ఒట్టు' అని కోడ్‌లో రాసి పెడతాం. ఆ ఒట్టు తప్పిందంటే మన లెక్కను మనమే నమ్మకూడదు. ఉన్నపళాన ఆగిపోవాలి. ఎక్సెప్షన్ అని ఇంకోటుంది. అది కబురు లాంటిది. కింద పని చేసే చోట ఏదో తేడా వస్తే పైవాడికి కబురు వెళుతుంది, పైవాడు సర్దుతాడు, పని సాగుతుంది. నా ప్రోగ్రాములో నూట పద్నాలుగు ఒట్లున్నాయి. కబురు ఒక్కటీ లేదు.

దానికి కారణం ఉంది. నేను రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి. ఒక గిరాకీ రేడియో తీసుకుపోతూ డబ్బుకు బదులు ఒక లావుపాటి ప్రోగ్రామింగు పుస్తకం పెట్టి పోయాడు. అందులో చివరి నలభై పేజీలు చెదలు తినేశాయి. మిగిలినదాన్ని ఆరేళ్లు చదివాను. వరసగా మూడుసార్లు, వెనక నుంచి ముందుకు ఒకసారి. విషయసూచికలో ఎక్సెప్షన్ల అధ్యాయం పేజీ నంబరుతో సహా ఉండేది. పేజీలే లేవు. అంత పుస్తకంలో చెదలకు రుచించినది అదొక్కటే అంటే దానిలో ఏదో లోపం ఉండి ఉంటుందని నిర్ణయించుకున్నాను.

6వ తేదీ, శుక్రవారం

మేనకోడలు నాతో మాట్లాడలేదు. నేనే ముందు మానేశాను.

9వ తేదీ, సోమవారం

కాటా గదికి వెళ్లాను. ఒట్లు ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదని అక్కడివాళ్లతో రాయించుకుని మేనేజరు మొహాన పెడదామని.

గది చిన్నది. లారీ కాటా ఎక్కినప్పుడల్లా బల్ల మీద పెన్సిళ్లు వాటంతటవే దొర్లుతాయి. కాటా దగ్గర పనిచేసేది నలభై ఏళ్ల మనిషి, చూపు లారీ మీద, వేళ్లు మీటల మీద, నోరు డ్రైవర్ల మీద ఒకేసారి పెట్టగలదు. నేను వెళ్లేసరికి లేచి కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలోంచి చూస్తే కంప్యూటరు తెర అంచున అతికించిన కాగితం కనబడింది. 'ఆగితే: ఆపు. మళ్లీ వెయ్యి. నోట్‌బుక్ చూసి మొదటి నుంచి కొట్టు.'

"ఇదేంటమ్మా?"

"అదా. అది పాతది బాబాయ్‌గారూ."

"ఎంత పాతది?"

"నేను చేరినప్పటికే ఉంది. అంటే ఏడేళ్లు."

"ఎన్నిసార్లు ఆగుతుంది?"

"ఎక్కువేం కాదు. రోజుకి రెండు, మూడు. వానల్లో నాలుగు."

"నాకెవరూ చెప్పలేదే."

ఆమె గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ అతను అందుకున్నాడు. "మీరొచ్చినప్పుడల్లా మీ ప్రోగ్రాము పుట్టిన దగ్గర్నుంచి ఆగలేదని చెబుతారు కదండీ పెద్దాయనా. అంత ముచ్చటగా చెబుతుంటే మధ్యలో అడ్డు పడ్డానికి మనసొప్పలేదు."

"మంచిపని చేశారు. అసలెందుకు ఆగుతుంది?"

"లారీ వెనక్కి పోయినప్పుడు" అంది ఆమె. "ఎక్కించాక బ్రేకు బాగాలేదనో, కాగితాలు లేవనో మేస్త్రీ దింపేస్తాడు. అప్పుడు అదే బరువు ముందర మైనస్ పెట్టి కొడతాను. నా ముందు పనిచేసినాయన అలాగే నేర్పాడు. మైనస్ కొడితే లారీ పోతుందని."

"లారీ కాదు, ప్రోగ్రామే పోతుంది" అన్నాడు మేస్త్రీ.

లారీ బరువు మైనస్ కాజాలదని పదకొండేళ్ల కిందట ఒట్టు వేసింది నేను. ప్రపంచంలో అటువంటి లారీ ఉండదని. ఉంది. రోజుకి మూడుసార్లు వస్తోంది. ఎక్కిన లారీ దిగవచ్చని నాకు తోచనే లేదు. దాన్ని తీసేసే దారి ప్రోగ్రాములో పెట్టనే లేదు. ప్రోగ్రామును ఆపి, దిగిన లారీని వదిలేసి మిగతావి మొదటి నుంచి కొట్టే దారిని వీళ్లే తవ్వుకున్నారు, సరిగ్గా నా ఒట్టు మీదుగా.

మూడో తేదీ సంగతి కూడా అప్పుడే తేలింది. కుడి వరసలోంచి ఇరవై టన్నుల లారీ దిగిపోయింది. ఈమె మైనస్ కొట్టింది. ఒట్టు తప్పింది. మేనకోడలి వల దాన్ని పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వదిలేసింది. లారీ రోడ్డు మీద ఉంది, దాని బరువు మాత్రం లెక్కలో కుడి పక్కన కూర్చుంది. లేని లారీకి సరితూగడానికి ప్రోగ్రాము ఎడమ తొట్టి నింపించింది.

ఇవాళ్టికి ఇంతే.

10వ తేదీ, మంగళవారం

'ఇది నా తప్పు కాదు' అని రాసిన పేజీ చింపుదామనుకున్నాను. చింపలేదు. చింపితే ఇది డైరీ కాదు, దరఖాస్తు అవుతుంది.

12వ తేదీ, గురువారం

నూట పద్నాలుగు ఒట్లనూ చీటీల మీద రాసి భోజనాల బల్ల మీద పరిచాను. ఏది ఒట్టుగా ఉంచాలి, ఏది కబురుగా మార్చాలి? చీటీలు ఇటు జరిపాను, అటు జరిపాను. మధ్యాహ్నానికి ఇటువైపు అన్నీ ఉన్నాయి, సాయంత్రానికి అటువైపు అన్నీ ఉన్నాయి.

మా ఆవిడ పక్క గదిలో కుట్టుమిషను ఆపి వచ్చింది. నాలుగు వీధుల్లో ఆడవాళ్లందరి జాకెట్లూ ఆవిడ చేతి మీదుగానే వెళతాయి.

"ఏమండీ, అన్నం ఎక్కడ పెట్టమంటారు? నేల మీదా?"

సంగతి చెప్పాను. పూర్తిగా వింది. వినడం ఆవిడకి అలవాటే, ఒప్పుకోవడమే అరుదు.

"దీనికింత ఆలోచనెందుకు? ఒక్కో చీటీ తీసి అడగండి. ఇది తప్పితే ఎవర్ని తిట్టాలి? మిమ్మల్నా, బయటివాళ్లనా?"

"అంటే?"

"కొలత కాగితంలో చెయ్యి పొడుగు మూడు అంగుళాలని ఉందనుకోండి. ఇచ్చినావిడ తప్పు రాసింది. మనుషులన్నాక రాస్తారు. పిలిచి మళ్లీ కొలుస్తాను, ఈలోపు పక్కావిడ జాకెట్టు కుడతాను. దుకాణం మూసుకోను కదా. అదే కొలతంతా సరిగ్గా ఉండి, నేను కత్తిరించిన ముక్కలు రెండూ ఎడమ చేతివే వచ్చాయనుకోండి. అప్పుడు మిషను ఆపేస్తాను. ఒక్క కుట్టు కూడా వెయ్యను. నా చెయ్యే తప్పింది కాబట్టి, ఇంకేం తప్పిందో నాకు తెలీదు."

చెదలు తినేసిన నలభై పేజీలూ నా ఎదురుగా నిలబడి, చేతిలో గరిటె పట్టుకుని, అన్నం ఎక్కడ పెట్టాలని అడుగుతున్నట్టు అనిపించింది. పైకి మాత్రం "పర్లేదు, ఆలోచించాల్సిన మాటే" అన్నాను.

"ఆలోచిస్తూ చీటీలు తియ్యండి" అంది.

15వ తేదీ, ఆదివారం

మేనకోడలు వచ్చింది. చెప్పులు విడుస్తూనే అంది, "మావయ్యా, నా వల తప్పు. తేడా వస్తే ఎవరో ఒకరికి చెప్పాలి. నేను నోరు నొక్కేశాను."

నేను అంతకన్నా పెద్ద మాట అనాలని వారం నుంచి సిద్ధం చేసుకున్నాను. తీరా అనబోతే, "కాటా గదిలో కాగితం చూశావా?" అని మాత్రమే వచ్చింది.

"రెండేళ్ల కిందటే చూశాను."

"మరి?"

"నువ్వు బాధపడతావని."

ఈ ఊళ్లో నేను బాధపడతానని భయపడనివాళ్లు చెదలొక్కటే.

19వ తేదీ, గురువారం

అయింది. డెబ్భై ఒక్క ఒట్లు, నలభై మూడు కబుర్లు. కాటా మీద నుంచి వచ్చేవి, మనుషులు కొట్టేవి, తీగల్లోంచి వచ్చేవి అన్నీ కబుర్లే. తేడా వస్తే ప్రోగ్రాము అడుగుతుంది, జవాబు వచ్చేదాకా ఆ ఒక్క లారీ దగ్గరే నిలుస్తుంది, మిగతాదంతా పదిలంగా ఉంటుంది. లారీ దిగిపోవడానికి దారి కూడా పెట్టాను. ఆ లైన్లు నా చేత్తో నేనే రాశాను, మేనకోడల్ని ముట్టనివ్వలేదు.

ఒక్క చీటీ దగ్గర గంటసేపు దెబ్బలాడుకున్నాం. ఏ వరస మొత్తం బరువైనా సున్నా కన్నా తగ్గదని ఒట్టు.

"ఇది కూడా మైనస్ గొడవే కదా మావయ్యా. కబురు చేసేద్దాం."

"కాటా దగ్గర మైనస్ వస్తే వాకిట్లోకి మనిషి వచ్చినట్టు. ఎవరు నువ్వని అడుగుతాం. వరస మొత్తం అలాక్కాదు. కూడింది మనం, తీసింది మనం. అక్కడ మైనస్ ఉందంటే తలుపులన్నీ వేసున్న ఇంట్లో, లోపలి గదిలో మనిషి ఉన్నట్టు."

"అసలు అది జరగనే జరగదు కదా, మరి ఉంచడం దండగ."

"జరగనిదానికే ఒట్టు వేస్తారు."

ఉంచాం. మేనకోడలు ఒప్పుకోలేదు, విసిగిపోయింది.

22వ తేదీ, ఆదివారం

మేనేజరు ఇంటికే వచ్చాడు. కుర్చీలన్నీ ఒక ఎత్తులో ఉండేసరికి ఎందులో కూర్చోవాలో ఆయనకి తెలియలేదు. ఒట్లను ఒక్క మీటతో నిద్రపుచ్చవచ్చని ఎక్కడో విన్నాడట. అందరూ అలాగే చేస్తారట. ఇరవై నాలుగున ఆగకుండా ఉంటే చాలట. పదకొండేళ్ల పని పోవడం తనకూ ఇష్టం లేదట.

సరేనన్నాను. నిద్రపుచ్చాను. తీసేయలేదు కదా, నిద్రపుచ్చానంతే. డెబ్భై ఒక్కటీ ఉన్నాయి. అలిసిపోయి ఉంటాయి కూడా.

23వ తేదీ, సోమవారం

ఉదయం లేస్తూనే మీట తిప్పేశాను. మేనేజరుకి చెప్పలేదు. మేనకోడలికి ఫోను చేసి, "ఒట్లను లేపేశాను" అన్నాను.

"అయ్యో మావయ్యా, నేను ఏడింటికే లేపాను. నువ్వు మళ్లీ పడుకోబెట్టావు."

ఇద్దరం ఆఫీసుకి వెళ్లి, ఒకరి చెయ్యి ఒకరు చూస్తూ, ఒక్కసారే లేపాం.

24వ తేదీ, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఇన్‌స్పెక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లు పడవల మీద పనిచేసిన మనిషట. మాటలు తక్కువ, కళ్లు ఎక్కువ. కాటా గదిలోకి వచ్చి, ఏమీ అడగకుండా, మొదటి లారీ కాటా ఎక్కుతుండగా గోడ దగ్గర తీగ పీకేశాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. 'కాటా పలకడం లేదు. తీగ చూసి మళ్లీ తూచండి.' తీగ పెట్టాడు. పని సాగింది. తర్వాత ఆయనే పన్నెండు టన్నుల లారీకి నూట ఇరవై అని కొట్టాడు. 'ఇంత బరువా? మళ్లీ చూడండి.' పని సాగింది. కాటా దగ్గరి ఆమె నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. ఏడేళ్లలో మొదటిసారి ఆమె పెన్సిలు ముట్టలేదు. నేను మేనేజరు పక్కన కాస్త ఎత్తుగానే నిలబడ్డాను.

ఆ తర్వాత పద్దెనిమిది టన్నుల పొడుగు లారీ ఒకటి వచ్చింది. మేస్త్రీ ఎడమ వరసలో పెట్టించాడు. ఆ వరసకి అదే మొదటిది. తోక బయటికి వస్తోందని మధ్య వరసకి మార్పించాడు. అక్కడ చూస్తే డీజిలు కారుతోంది. "దింపెయ్, దింపెయ్. నా పంటుకి నువ్వు నూనె రాయక్కర్లేదు" అని డ్రైవరుని అదిలించాడు. లారీ వెనక్కి వెళ్లింది. ఆమె మైనస్ పద్దెనిమిది కొట్టింది. 'ఈ లారీ వెనక్కి వెళ్లిందా?' అని అడిగింది ప్రోగ్రాము. ఆమె అవునని నొక్కింది.

ఆగిపోయింది.

తెర నిండా ఎర్రగా వచ్చింది. 'ఎడమ వరస బరువు మైనస్ 18 టన్నులు. ఇది జరగకూడనిది. పంపు ముట్టవద్దు.'

మేనేజరు మొహం చూడలేదు కానీ ఆయన ఊపిరి వినబడింది. "అదేంటి పెద్దాయనా, మొన్న మీకు..." అని, ఇన్‌స్పెక్టరు ఉన్నాడని మింగేశాడు. తర్వాత నెమ్మదిగా, "పర్లేదు సార్, ఆపి మళ్లీ వేస్తే నడిచిపోతుంది" అన్నాడు.

గదిలోనే పంపు మీట దగ్గరున్న సరంగు రెండు చేతులూ వెనక్కి కట్టేసుకున్నాడు. "నడవదు" అన్నాడు. "ఇది ముట్టొద్దంది. నేను ముట్టను."

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు. "ఆగకపోతే ఏమయ్యేది?"

నాకప్పటికే కనబడింది. లారీ వెనక్కి వెళ్లినప్పుడు దాని బరువును మొదట పెట్టిన వరసలోంచి తీసేలా రాశాను. మధ్యలో అది చోటు మారవచ్చని అనుకోలేదు. పదకొండేళ్ల కిందట లారీ దిగదనుకున్నాను, ఈ నెల కదలదనుకున్నాను.

"ఎడమ వరస ఖాళీ కన్నా తేలిక అనుకుని అటు పక్క తొట్లో పద్దెనిమిది టన్నుల నీళ్లు తోడించేది సార్. ఏటి మధ్యకెళ్లాక మూడో తేదీలాగే ఒరిగేది."

"తప్పెవరిది?"

"నాది" అన్నాను. ఇంత తేలిక మాటని తెలిస్తే ఎప్పుడో అనేవాణ్ణి.

"మాది సార్" అంది మేనకోడలు.

"మాది కాదు సార్, నాదే. ఆ లైను నేనే రాశాను. ఈమెని ముట్టనివ్వలేదు."

"నేను చూడాల్సింది సార్, చూడలేదు."

"నువ్వూరుకోవే. ఇందులో నీకు వాటా లేదు."

ఇన్‌స్పెక్టరు బల్ల అంచున కూర్చుని, "మీ కుటుంబం తేల్చుకున్నాక చెప్పండి" అన్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. మార్చింది రెండు లైన్లు. మిగతా సమయమంతా మేనకోడలు ఒక్కో లారీని ఒక్కో వరసలో పెట్టి, మార్చి, దింపి చూసింది. ఎన్ని రకాలుగా దింపవచ్చో అన్ని రకాలుగానూ. తర్వాత ఇన్‌స్పెక్టరు మేస్త్రీని పిలిచి, ఆ డీజిలు లారీని మళ్లీ ఎక్కించి, మార్చి, దింపమన్నాడు. "కారుతోందండీ" అన్నాడు మేస్త్రీ. "కింద తట్ట పెట్టు" అన్నాడు ఆయన. ఎక్కింది, మారింది, దిగింది. ఎడమ సున్నా, మధ్య సున్నా. మిగిలిన లారీలన్నీ ఎక్కాయి. సరంగు చేతులు విప్పి పంపు వేశాడు. పంటు అవతలికి వెళ్లి వచ్చింది. ఇన్‌స్పెక్టరు పంటు పక్కగోడకి అతికించి చూసిన కొలబద్ద మీద ఒరుగుదల వేలు కాదు, గోరంత కూడా కనబడలేదు.

"ఆగితే తీసేస్తామని మేం ముందే అనుకున్నాం సార్" అన్నాడు మేనేజరు. నిజాయితీపరుడు, ఆ మాట దాచలేదు.

"ఆ షరతు కొట్టెయ్యండి. ఆగాల్సిన చోట ఆగనిదాన్ని నేనే తీయిస్తాను."

కాగితం మీద ఒకటే వాక్యం రాసి సంతకం పెట్టాడు. నకలు అడిగి తెచ్చుకున్నాను. 'బయటివారి పొరపాటుకు అడిగి సాగినది, తన పొరపాటుకు తానే ఆగినది, వాడుకలో ఉంచవలెను.'

మూడుసార్లు చదివి మా ఆవిడకి ఇచ్చాను. ఆవిడ ఒకసారి చదివి, "ఇది నేనన్నదే కదా" అంది.

25వ తేదీ, బుధవారం

మొదటి పంటుకే వెళ్లాం. నేను, మా ఆవిడ, మేనకోడలు. ఇరవై రెండు లారీలు ఎక్కాయి, రెండు దిగాయి, ఒకటి మూడు వరసలూ తిరిగింది. గట్టు వదిలాం. సరంగు తన గది కిటికీ అంచున నిండుగా నీళ్లు పోసిన గ్లాసు పెట్టాడు. ఏటి మధ్యకి వచ్చాక నన్ను కేకేసి దాన్ని చూపించి, మళ్లీ తన పనిలో పడ్డాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

నేను పంటు సరిగ్గా మధ్యన, లారీల నడుమ నిలబడ్డాను. రెండు పక్కలా నీళ్లు ఒకే ఎత్తున కనబడుతున్నాయి.

"ఏమండీ, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ నించోవడమేంటి? పంటుని మీరే మోస్తున్నట్టు" అంది మా ఆవిడ.

"గట్టు వచ్చేదాకా మోయనివ్వత్తా" అంది మేనకోడలు.

గట్టు వచ్చేదాకా మోశాను.